వంతు నీదే

ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట ఉంది. ఎంత కోపం వచ్చినా దాన్ని ఎవరూ ఊరికే నోటికి తెచ్చుకోరు. తిట్టుకుంటారు, చొక్కాలు పట్టుకుంటారు, గట్టురాళ్ళు పీకి పక్కకు జరుపుకుంటారు, నెల తిరిగేలోగా పెళ్ళి పందిట్లో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. కానీ "కాణిపాకం పోదాం పద" అన్నారంటే ఇక అంతే. వినాయకుడి ఎదుట తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేయడమంటే, మా ఇద్దరిలో ఎవరు అబద్ధమో నువ్వే తేల్చు స్వామీ అని అడగడం. అలా ప్రమాణం చేసిన రెండిళ్ళ మధ్య ఆ తరువాత మంచినీళ్ళు కూడా పుట్టవు.

చంద్రకాంతమ్మ ఆ మాట అనేసింది. పరాయివాళ్ళను కాదు, సొంత తమ్ముడు మునిరత్నాన్ని. అదీ నలుగురూ వినేలా, బోరు దగ్గర నిలబడి.

మునిరత్నం కూతురు లోహితకు ఈ కబురు తిరుపతిలో, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఉండగా అందింది. ఫోన్ చేసింది గోవిందస్వామి. ఆమెకు చిన్నాయన వరస. ఊళ్ళో ఆటో నడుపుతాడు, ఆటోకన్నా ముందు కబుర్లను చేరవేస్తాడు.

"పాపా, మీ నాయనా మీ అత్తా సోమారం కాణిపాకం పోతా ఉండారు."

"మొక్కుబడా చిన్నాయనా?"

"మొక్కుబడి గాదు తల్లీ, ప్రమాణానికి. అంతా నువ్వు పెట్టిన మోటరు యవ్వారమే. బస్సెక్కి వచ్చెయ్."

లోహిత పూతలపట్టులో బస్సు దిగేసరికి గోవిందస్వామి ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి తిరిగి చెబుతూనే ఉన్నాడు. రోడ్డు చూసి నడుపు చిన్నాయనా అని ఆమె ఎంత మొత్తుకున్నా వింటేగా.

ఆ బోరు సంగతి కాస్త చెప్పాలి. లోహిత తాత తన చేనును పిల్లలకూ దాయాదులకూ ముక్కలుగా పంచాడు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన చంద్రకాంతమ్మకు కూడా మిట్ట మీద ఒక ముక్క ఇచ్చాడు. నేలనైతే పంచగలిగాడు గానీ బోరును నిలువునా చీల్చలేడు కదా. అది అందరికీ ఉమ్మడిగా మిగిలింది. ఒకరు పారించుకుంటుంటే మరొకరు ఆగాలి. ఇద్దరు ఒకేసారి వాల్వులు తెరిస్తే మిట్టకు నీళ్ళు ఎక్కవు, పల్లానికే జారిపోతాయి.

దానికి పెద్దవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. మోటరు రూములో స్టార్టరు పక్కన పింగాణీ ఫ్యూజులు మూడు ఉండేవి. వాటిలో మధ్యదానికి ఎర్రతాడు కట్టి, దాన్ని పీకి గోడమేకుకు తగిలించేవారు. అది లేకపోతే స్టార్టరు పట్టదు. నీళ్ళు కావలసినవాళ్ళు వచ్చి మేకు మీది ఫ్యూజు తీసి పెట్టి మోటరు వేసుకుంటారు. పని కాగానే పీకి మళ్ళీ మేకుకు తగిలిస్తారు. మేకుకు ఫ్యూజు ఉంటే బోరు ఖాళీ, లేకుంటే వంతు మరొకరిది. ఉన్నది ఒక్కటే ఫ్యూజు కాబట్టి కొట్లాటకు చోటే లేదు.

ఆ ఏర్పాటును పాడు చేసింది ఈ గోవిందస్వామే. ఒకసారి పారించుకోవడం అయ్యాక ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు, గట్టు మీద కాలుజారి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎవరో మోటారుసైకిలు మీద కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోయారు. కట్టుతో పాటు అక్కడే చుట్టాలింట్లో పడుకుని కోడికూర తిని, తీరిగ్గా తిరిగొచ్చాడు. అన్ని రోజులూ ఊరి ఫ్యూజు అతని జేబులోనే ఉంది. చేలన్నీ నోళ్ళు తెరుచుకుని చూశాయి.

అప్పుడే ఇంజనీరింగు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన లోహిత, ఇదంతా నేను చక్కబెడతానంది. మోటరు రూములో ఒక చిన్న పెట్టె పెట్టింది. వంతు ఎవరిదో దానిలో పేరు కనబడుతుంది. ఒక్కో చేనుకు కరెంటుతో తెరుచుకునే వాల్వు పెట్టించింది. ఫోనులో బొత్తాం నొక్కితే చాలు: బోరు ఖాళీగా ఉంటే మోటరు దానంతట అదే పడుతుంది, నొక్కినవాళ్ళ చేను వాల్వు తెరుచుకుంటుంది. అత్తకు చదువు రాదు కాబట్టి ఫోనులో అక్షరాలకు బదులు మాట పెట్టింది. తన గొంతుతోనే రికార్డు చేసింది. ఖాళీగా ఉంటే "వంతు నీదే", లేకుంటే "కొంచేపు ఉండు, ఇంకొకరు పారిస్తా ఉండారు" అని. పాత ఫ్యూజు ఎర్రతాడుతో సహా మేకు మీదే మిగిలిపోయింది. దాని చోటులో కొత్తది బిగించారు, ఎవరూ పీకనక్కర్లేనిది.

ఊరు మురిసిపోయింది. అందరికన్నా ఎక్కువ మురిసింది చంద్రకాంతమ్మే. తల్లి పనికి పోతే లోహితను పెంచింది ఆమే మరి. "నా కోడలు గొంతిప్పి చెప్తేనే నాకు నీళ్ళొస్తాయి" అని వచ్చేపోయేవాళ్ళకల్లా ఫోను వినిపించేది.

ఇప్పుడేమో ఇలా అయింది. ఆ పొద్దున కరెంటు రాగానే చంద్రకాంతమ్మ బొత్తాం నొక్కింది. వంతు నీదే అంది ఫోను. ఆమె పార తీసుకుని టమోటా కయ్యల్లోకి పోయి నిలబడింది. నీళ్ళు రాలేదు. చూస్తే కింద తమ్ముడి చెరుకులో పారుతున్నాయి. వెళ్ళి అడిగింది. వంతు నీదే అని నా ఫోను చెప్పింది, నేను పారించుకుంటున్నాను అన్నాడతను. నాకూ చెప్పిందిరా అంది ఆమె. నీకు చెప్పుంటే పెట్టెలో నీ పేరుండాల గదక్కా, నా పేరే ఉండాది సూడు అన్నాడు. అంతవరకైనా సర్దుకునేదే. కానీ కాపు మీదున్న టమోటా ఎండకు వాలిపోతుంటే మనిషికి మాట మీద అదుపు ఉంటుందా? "నీ కూతురు జేసిన పెట్టె నీ పేరు గాక నా పేరు సూపిస్తుందా?" అనేసింది. బిడ్డనంటావా అని మునిరత్నం లేచాడు. అబద్ధాలకోరువన్నాడు. అక్కను, ముసలిదాన్ని, అందరి ముందూ. అప్పుడు ఆమె నోట కాణిపాకం వచ్చింది.

"ప్రమాణం అయ్యేదాకా ఆ బోరు నీళ్ళు ముట్టనని మీ అత్త కూకునింది. ఆమె ముట్టకుంటే నేనూ ముట్టనని మీ నాయన కూకున్నాడు," గోవిందస్వామి ఆటో ఆపుతూ అన్నాడు. "చెరుకూ ఎండతా ఉండాది, టమోటా ఎండతా ఉండాది. ఇంగ దేవుడే సూడాల."

లోహిత ఇంటికి పోలేదు. నేరుగా మోటరు రూముకు పోయి పెట్టె తెరిచి చూసింది. ఆ పొద్దున వంతు దగ్గర ఒక్కటే పేరు: మునిరత్నం. అత్త పేరు జాడ కూడా లేదు. ఆమె చేను వాల్వు తెరుచుకున్న గుర్తూ లేదు. లోహిత మనసులో ఒక చిన్న మాట మెదిలింది. అత్త పెద్దదైపోయింది, పొరబడి ఉంటుంది అని. ఆ మాట మనసులోకి వచ్చినందుకే తరువాత ఆమె చాలా సిగ్గుపడింది.

అత్త ఇంట్లో కాలుపెడితే అడక్కుండానే మజ్జిగ గ్లాసు చేతికి వచ్చేది. ఆ రోజు రాలేదు. చంద్రకాంతమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది, తల ఎత్తలేదు.

"అత్తా, నిజంగా నీ ఫోను మాట్లాడిందా?"

అడిగాక తెలిసింది, నిజంగా అనే మాట వేయకుండా ఉండవలసిందని.

"ఫోను గాదు పాపా మాట్లాడింది. నువ్వు," అంది చంద్రకాంతమ్మ. "వంతు నీదే అని నువ్వు జెప్పినావు. నీ గొంతు నాకు తెల్దా? నువ్వు పుట్టి మొదట ఏడ్సినప్పుడు ఇన్నదాన్ని. నువ్వు చెప్పినావు గదా అని పోయి కయ్యలో నిలబడినా. నీళ్ళు మీ నాయన చేలో పారతా ఉండాయి. ఇంగ నేనేమనుకోవాల, నువ్వే జెప్పు."

లోహిత గుమ్మం పక్కనే చతికిలబడింది. గొంతు తనదే. ఆ గొంతు నమ్మి అత్త ఎండలో నిలబడింది. ఇప్పుడు సోమవారం దేవుడి ముందు నిలబడబోతోంది. ఇద్దరిలో ఎవరు అబద్ధమని తేలినా తను మళ్ళీ ఈ గుమ్మంలో ఇలా కూర్చోవడం ఉండదు. తేలకపోతే మరీ అన్యాయం, ఒకరి మీద ఒకరికి అనుమానం చచ్చేదాకా మిగిలిపోతుంది.

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో లాప్‌టాప్ ముందేసుకుని తన ప్రోగ్రామును పరీక్షించింది. ఫోనులు నొక్కినట్టు దొంగ నొక్కుళ్ళు పంపింది. మళ్ళీ మళ్ళీ పంపింది. ప్రతిసారీ ఒకరికే వంతు వచ్చింది, మిగతావాళ్ళను ఉండమంది. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి అడుగడుగునా కబురు చెప్పే వాక్యాలు జోడించింది. అప్పుడు మరీ బుద్ధిగా నడిచింది. బయట ఎవరున్నారా అని తొంగిచూస్తే గప్‌చిప్ అయిపోయే పిల్లల్లా ఉంది దాని వాలకం. మునిరత్నం మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "తప్పు నీ పెట్టెది గాదులే పాపా, మనిషిది," అన్నాడు. కూతుర్ని వెనకేసుకొస్తున్నానని అతని ఉద్దేశం. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం పొద్దున్నే పోయి మోటరు రూము గడప మీద కూర్చుంది. చేలకు కరెంటు పొద్దున ఒక వేళకు వస్తుంది. వచ్చినట్టు తెలియడానికి రూము పైన ఒక బల్బు ఉంటుంది, అన్ని చేలకూ కనబడేలా. దాని కోసమే అందరూ ఫోనులు చేత పట్టుకుని ఉన్నారు. గోవిందస్వామి ఆటోలో కూర్చుని ఉన్నాడు. అవతల గట్టు మీద మునిలక్ష్మి అనే ఒకావిడ కొడవలి చంకలో పెట్టుకుని ఉంది. బల్బు వెలిగింది. అన్ని వేళ్ళూ పడ్డాయి. వంతు మునిలక్ష్మికి వచ్చింది, గోవిందస్వామిని ఉండమంది. అంతా సక్రమంగానే జరిగింది. కానీ లోహిత చూస్తున్నది అది కాదు. నీళ్ళు ముట్టనని ఒట్టేసుకున్న నాయన చెరుకు గట్టు మీద నుంచీ, అత్త టమోటాల్లో నుంచీ అలవాటు కొద్దీ ఒకేసారి తలలెత్తి ఆ బల్బు వైపు చూశారు. ఒకేసారి అంటే ఒకేసారి. ఒక తల్లి పిల్లలు మరి. చిన్నప్పటి నుంచీ ఒకే చేలో పనిచేసిన ఒళ్ళు ఇద్దరివీ.

తన దొంగ నొక్కుళ్ళలో లేనిది ఇదే. అవి ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఈ ఇద్దరు ఒక్కసారే నొక్కుతారు.

లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అది పైకి ఒకటే గానీ లోపల ఫోనుకొక పనిమనిషి ఉన్నట్టు ఒక్కో నొక్కుడుకు ఒక్కో థ్రెడ్డు పనిచేస్తుంది. ఎవరి పని వాళ్ళది, ఒకరితో ఒకరికి మాటల్లేవు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకే ఒక్క పలక. దాని మీద ఇప్పుడు వంతు ఎవరిదో రాసి ఉంటుంది. ప్రతి థ్రెడ్డూ ముందు పలక చూస్తుంది. ఖాళీగా ఉంటే తన మనిషి పేరు రాస్తుంది. రాసి, వంతు నీదే అని కబురు పంపుతుంది. పలక మీద ఎవరి పేరుంటే వారి వాల్వు తెరుచుకుంటుంది.

చూస్తుంది. రాస్తుంది. తెర మీద ఆ రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో ఏముంది? ఏమీ లేదు. ఏమీ లేదనే తను ఇన్నాళ్ళూ అనుకుంది.

ఉంది. చూడటానికీ రాయడానికీ నడుమ ఒక సందు ఉంది. రెప్పపాటును ఎన్ని ముక్కలు చేస్తే ఒక ముక్క అంత ఉంటుందో చెప్పలేనంత సన్నటి సందు. ఆ పొద్దున అత్త థ్రెడ్డు పలక చూసింది. ఖాళీ. అది పేరు రాసేలోగా నాయన థ్రెడ్డు కూడా వచ్చి చూసింది. ఖాళీయే. నిజంగానే ఖాళీ, రెండూ చూసింది నిజమే. అత్త పేరు పడింది. అత్తకు కబురు పోయింది. ఆ పేరు మీదే నాయన పేరు పడింది. నాయనకూ కబురు పోయింది. అత్త పేరు ఉన్నట్టే తెలియకుండా తుడిచిపెట్టుకుపోయింది. వాల్వు తెరుచుకోవడానికి కూడా వ్యవధి లేదు.

లోహితకు ఒళ్ళు జలదరించింది. భయం కాదు. కొండ అంచున నిలబడి లోయలోకి చూసినప్పుడు కలిగే జలదరింపు అది. ఇంత సన్నటి సందులో, సూది మొన కూడా పట్టని చోట, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరికీ దారి దొరికింది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు నిజమైతే మరొకరు అబద్ధం కావాలని ఊరంతా అనుకుంటోంది, దేవుణ్ణి కూడా ఆ లెక్క తేల్చమంటోంది. ఆ లెక్కే తప్పు. నిన్న తను వెతకడానికి జోడించిన వాక్యాలు ఆ ఇద్దరినీ కాస్త ఎడంగా జరిపి ఉంటాయి, అందుకే పట్టుబడలేదు. ఇన్ని నెలలుగా ఆ సందు అక్కడే ఉంది, ప్రతి పొద్దునా నోరు తెరుచుకుని, ఎవరికీ కనబడకుండా.

తల ఎత్తితే ఎదురుగా మేకు, మేకుకు పాత ఫ్యూజు. ఎర్రతాడు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. దానికి ఈ సందు లేదు. ఖాళీగా ఉందా అని చూడటం వేరు, తీసుకోవడం వేరు కాదు అక్కడ. చేతికి వస్తే నీది, రాకపోతే కాదు. ఇద్దరు కలిసి చెయ్యి చాచినా ఒక్కరి చేతికే వస్తుంది. దాన్ని తీసేసి తను పలక పెట్టింది, చూసి రాసుకోండి అంది. ప్రోగ్రాముల్లో కూడా అలాంటి ఫ్యూజు ఉంటుంది. మ్యూటెక్స్ అంటారు. కాలేజీలో చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకుని, పిడికెడు మంది నొక్కే బోరుకు అదెందుకులే అని వదిలేసిన మాట. లోహిత లేచి ఆ పాత ఫ్యూజు తీసి చేతిసంచిలో వేసుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు, చేతికి దగ్గరగా ఉండాలనిపించింది.

తప్పు తెలిసింది సరే. నమ్మించడమెలా? సందు సన్నగా ఉంటే మళ్ళీ ఎప్పుడు పట్టుబడుతుందో చెప్పలేం. అందుకని సందును వెడల్పు చేసింది. చూడటానికీ రాయడానికీ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగమని ప్రోగ్రాముకు చెప్పింది. మునిలక్ష్మి పారించుకోవడం అయ్యాక, మోటరు అనవసరంగా తిరగకుండా లోహిత స్విచ్చి కట్టేసింది. అప్పుడు నాయనకూ అత్తకూ ఒకేసారి కలిపి ఫోను చేసింది.

"నాయనా, నువ్వు అత్త దగ్గరికి పోవద్దు, నీ చెరుకు గట్టు మీదే నిలబడు. అత్తా, నువ్వు నీ కయ్యలోనే ఉండు. చిన్నాయన హారను కొడతాడు. ఫోను గొంతు పెంచి పెట్టుకుని, కొట్టగానే ఇద్దరూ నొక్కండి. నా కోసం ఈ ఒక్కసారి."

"నొక్కితే ఏమొస్తుంది?" అన్నాడు మునిరత్నం.

"నొక్కు నాయనా."

గోవిందస్వామికి హారను కొట్టమంటే అంతకన్నా ఏం కావాలి. ఊరు లేచిపోయేలా కొట్టాడు. అది ఆగింది. ఒక్క ఊపిరి సేపు ఏమీ లేదు. ఆ తరువాత మిట్ట మీద నుంచి లోహిత గొంతు వినిపించింది: "వంతు నీదే." అదే క్షణంలో పల్లం నుంచి, చెరుకు వైపు నుంచి లోహిత గొంతే: "వంతు నీదే."

మధ్యలో నిలబడిన లోహిత చెవుల్లో తన గొంతే రెండు వైపుల నుంచీ వచ్చి పడింది. చంద్రకాంతమ్మ తన ఫోను వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. మునిరత్నం ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నాడు, అది ఇంకా ఏదో చెబుతుందన్నట్టు. గోవిందస్వామి హారను మీద చెయ్యి వేసే ఉంచాడు గానీ నొక్కడం మరిచిపోయాడు.

"మళ్ళీ ఒగసారి," అన్నాడు మునిరత్నం.

లోహిత పలక తుడిచింది. మళ్ళీ హారను. మళ్ళీ రెండు వైపుల నుంచీ అదే మాట. ఈసారి అతను ఫోను జేబులో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అటు నుంచి ఆమె కూడా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు దిగింది. ఇద్దరూ మోటరు రూము దగ్గర ఎదురుపడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూడలేక లోహితను చూశారు.

"ఇద్దరికీ చెప్పిందా?" అంది చంద్రకాంతమ్మ.

"ఇద్దరికీ చెప్పింది అత్తా. నీకు ముందు చెప్పింది. నాయనకు చెప్పేటప్పుడు నీ పేరు తుడిచిపెట్టేసింది. తప్పు నాది. మీ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు."

"ఇద్దరం నిజమే," అంది చంద్రకాంతమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు. "అట్ల గూడా ఉంటుందా లోకంలో!"

మునిరత్నం తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట లేదు గానీ తుడుచుకున్నాడు.

లోహిత గడప మీద కూర్చుని అక్కడికక్కడే ప్రోగ్రాము మార్చింది. ఇప్పుడు పలక చూడాలంటే ముందు తాళం చేతికి రావాలి. తాళం ఒక్కటే. అది ఒక థ్రెడ్డు చేతిలో ఉన్నంతసేపు మిగతావి గుమ్మం బయటే ఆగాలి. చూసి, రాసి, తాళం తిరిగి పెట్టేశాకే మరొకటి లోపలికి పోతుంది. పుత్తూరు సంగతి గుర్తొచ్చి, లోపల ఏ పొరపాటు జరిగినా, చెయ్యి విరిగినా కాలు విరిగినా, తాళం మాత్రం తిరిగి మేకుకు వచ్చి తీరాలని కూడా రాసింది. గోవిందస్వామి అది విని, "నా పేరు ఊరికే చెడగొట్టొద్దు," అని గొణిగాడు. తను పెట్టిన ఊపిరంత ఆలస్యాన్ని మాత్రం తీయలేదు. సందు అంత వెడల్పుగా ఉన్నా ఇద్దరు దూరలేరని తేలాలి కదా.

"ఇప్పుడు నొక్కండి. ఈడ్నే నిలబడి, హారను అక్కర్లేదు, కళ్ళెదురుగా."

అక్కాతమ్ముళ్ళు ఒకరి వేలు ఒకరు చూసుకుంటూ నొక్కారు. చంద్రకాంతమ్మ ఫోను "వంతు నీదే" అంది. అది పూర్తయ్యాక మునిరత్నం ఫోను "కొంచేపు ఉండు, ఇంకొకరు పారిస్తా ఉండారు" అంది. లోహిత పలక తుడిచింది. మళ్ళీ నొక్కారు. ఈసారి వంతు అతనికి, ఉండమన్నది ఆమెకు. మళ్ళీ. మళ్ళీ. ఎవరికి వస్తుందో తెలియదు గానీ ఒక్కరికే వస్తుంది. ఇద్దరూ మోసం చేయాలని చూశారు. మునిరత్నం ఒకటి రెండు అని లెక్కపెట్టి రెండు దగ్గరే నొక్కేశాడు. చంద్రకాంతమ్మ రెండు చేతుల బొటనవేళ్ళతో నొక్కింది. తెలిసి కూడా లోహిత ప్రతిసారీ రెండు ఫోనుల వైపూ మార్చి మార్చి చూసింది. కంటికి కనబడనిది, చేతికి అందనిది, రెండు మూడు వాక్యాలంత చిన్నది, ఇంతమందిని ఒక వరసలో ఎలా నిలబెడుతోంది! ఎవరికీ దెబ్బ తగలకుండా, ఎవరి మీదా అరవకుండా. చదువుకునే రోజుల్లో ఇది ఒక పాఠం. ఈ పొద్దున, ఈ గడప మీద, దీనికి దండం పెట్టాలనిపించింది ఆమెకు.

"ఇంగ చాలు, కరెంటు పోతాది. స్విచ్చి వెయ్యి పాపా," అన్నాడు మునిరత్నం. వేసింది. చివరిసారి నొక్కితే వంతు అతనికి వచ్చింది. కింద చెరుకు ఎదురుచూస్తోంది. అతను ఒక్క క్షణం ఫోను చూసి, ఆపు బొత్తాం నొక్కాడు.

"నువ్వు నొక్కక్కా," అన్నాడు.

ఆ రోజు టమోటాలకు సాయంత్రం దాకా నీళ్ళు పారాయి. ఆ ఇంట్లో లోహితకు మజ్జిగ దొరికింది, ఒకటికి రెండు గ్లాసులు.

అంతటితో కాణిపాకం మాట మరిచిపోతారనుకుంది లోహిత. మరిచిపోలేదు.

"స్వామి పేరు తలిసి పోకుంటే ఎట్ల పాపా?" అంది చంద్రకాంతమ్మ. "వస్తానని చెప్పినాను. రావాల్సిందే."

"కానీ ఇంకేం ప్రమాణం చేస్తావు అత్తా?"

"అది నేనూ స్వామీ సూసుకుంటాం."

సోమవారం పొద్దున ముగ్గురూ గోవిందస్వామి ఆటోలోనే పోయారు. వెనక సీట్లో లోహిత మధ్యలో కూర్చుంటానంటే చంద్రకాంతమ్మ ఆమెను పక్కకు నెట్టి తమ్ముడి పక్కన తనే కూర్చుంది. దారిలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అయినా లోహితకు భయం వేయలేదు. ఇంట్లో మంచినీళ్ళు తాగి బయల్దేరారు, ఒకే చెంబుతో.

స్నానాలు చేసి తడిబట్టలతో స్వామి ఎదుటికి వచ్చారు. ఈ స్వామి ఏటికేడూ పెరుగుతున్నాడని ఊళ్ళన్నీ నమ్ముతాయి. చిన్నప్పుడు ఆ మాట విని, ఎవరికీ కనబడకుండా ఎలా పెరుగుతాడని అత్తను వేధించేది లోహిత. కనబడనిదంతా లేదనుకోవాకు అనేది అత్త. నిన్న చూసిన ఆ సందు తలపుకొచ్చి, ఆమె చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

చంద్రకాంతమ్మ నోరు తెరిచింది. సరిగ్గా అదే క్షణంలో మునిరత్నమూ తెరిచాడు. "స్వామీ..." అని రెండు గొంతులూ ఒక్కసారే వచ్చి, ఒకదాన్ని ఒకటి తగులుకుని ఆగిపోయాయి.

"నువ్వు చెప్పక్కా."

"నువ్వే చెప్పు."

"పెద్దదానివి, నువ్వు చెప్పు."

"మొదలుపెట్టినావు గదా, నువ్వే కానియ్."

అలాగే నిలబడ్డారు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒకరి కోసం ఒకరు ఆగి, ఇద్దరూ కదలడం లేదు. వెనక జనం గొణుగుతున్నారు. లోహిత చేతిసంచిలో చెయ్యి పెట్టింది. పాత ఫ్యూజు తీసి, ఎర్రతాడుతో సహా, అత్త తడి అరచేతిలో పెట్టింది.

చంద్రకాంతమ్మ దాన్ని చూసింది. నవ్వలేదు. గుప్పిట మూసి, స్వామి వైపు తిరిగి, ఊరి చేలకు వినబడేంత గట్టిగా చెప్పింది.

"స్వామీ, మా తమ్ముడు మునిరత్నం చెప్పింది నిజం. వాని చేతులు నీళ్ళ దొంగ చేతులు గావు. ఆ బిడ్డా మోసం చెయ్యలేదు. అట్ల అనుకున్నందుకు నన్ను మన్నించు."

చెప్పి, గుప్పిట తెరిచి, ఫ్యూజును తమ్ముడి చేతిలో పెట్టింది. రెండు అడుగులు వెనక్కి జరిగింది.

"స్వామీ," అన్నాడు మునిరత్నం. "మా అక్క చెప్పింది..." అంతవరకే వచ్చింది. పింగాణీ ముక్కను గట్టిగా పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. వెనక నుంచి ఎవరో తొందరపెట్టారు. గోవిందస్వామి కూడా, "చెప్పెయ్ అన్నా," అన్నాడు.

చంద్రకాంతమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. ఫ్యూజు ఇంకా తమ్ముడి చేతిలోనే ఉంది.